ఆర్‌సీఏ డాక్, ఎక్స్‌ఎల్‌ఆర్ స్పీకర్లు: మూడో పిన్‌ను ఎక్కడ కలపాలి?

నమస్కారం. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మీ ఇంటి హాలులో లాప్‌టాప్‌కు యూఎస్‌బీతో కలిపిన డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నలుగా మార్చే పరికరం) ఉంది, దానికి మధ్య పిన్ను, చుట్టూ రింగు ఉండే ఆర్‌సీఏ ఔట్‌పుట్లు మాత్రమే ఉన్నాయి. కొత్తగా కొన్న యాక్టివ్ మానిటర్లకేమో, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉన్న స్పీకర్లకేమో, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లే ఉన్నాయి. మధ్యన ఆరు మీటర్ల దూరం ఉండడంతో రెడీమేడ్ ఆర్‌సీఏ–ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు తెచ్చి కలిపారు. అప్పటి నుంచి గుయ్యిమని హమ్ వస్తోందని, లాప్‌టాప్ ఛార్జరు పెడితే దానికి తోడు సన్నని కీచుశబ్దం మొదలవుతోందని, షాపులో అడిగితే మానిటర్ల ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేయమన్నారని రాశారు. పడకగదిలో ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్లున్న మరో డాక్‌ను ఆర్‌సీఏ ఇన్‌పుట్లే ఉన్న పాత ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్‌కు ఎలా కలపాలని, అసలు ఎక్స్‌ఎల్‌ఆర్‌తో వచ్చే బ్యాలెన్స్‌డ్ పద్ధతి వల్ల ఇంట్లో లాభమేమిటని కూడా అడిగారు. సభావేదికల్లోను, రికార్డింగు గదుల్లోను వైరింగు పని చాలా ఏళ్లు చేసినవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఎర్త్ పిన్ సంగతి. దయచేసి దానిని తీయకండి. ఇప్పటికే తీసేసి ఉంటే మిగిలినది చదవడం ఆపి, ముందు కొత్త మూడు పిన్నుల ప్లగ్గు వేయించండి. మానిటర్ లోపల ఎప్పుడైనా 230 వోల్టుల తీగ లోహపు చట్రానికి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ తీగలోంచి పారి ఎంసీబీనో ఆర్‌సీసీబీనో (ప్రమాదంలో కరెంటును ఆపే రక్షణ స్విచ్‌లు) పడేలా చేస్తుంది. ఎర్త్ లేకపోతే ఏదీ పడదు, చట్రం 230 వోల్టుల మీదే ఉండిపోతుంది. అంతటితో ఆగదు. మీ ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) మానిటర్ చట్రాన్ని డాక్‌తోను, డాక్ యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌తోను కలుపుతోంది కనుక ఆ వోల్టేజి మీ ఒడిలో ఉన్న లాప్‌టాప్ వరకు వస్తుంది. ఎర్త్ పిన్ తీయగానే హమ్ తగ్గిన మాట నిజమే కావచ్చు, కాని చిన్న శబ్దం కోసం చేసిన ఆ పని అసలుకే మోసం తెస్తుంది. ఈ సమాధానంలో చెప్పబోయే ఏ పద్ధతికీ ఎర్త్‌ను ముట్టుకోవలసిన అవసరం లేదు.

దీనికే చేర్చి మరొక మాట. మన ఊళ్లో పాత అపార్టుమెంట్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలు కనబడతాయి కాని పైరంధ్రం వెనక తీగే కలిపి ఉండని ఇళ్లను నేను చాలా చూశాను. అటువంటి సాకెట్టులో పెట్టిన పరికరాన్ని తాకితే వేళ్లకు జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకు ఎర్త్‌కు మధ్య దాదాపు 230 వోల్టులు వస్తున్నాయో లేదో చూపించుకోండి, ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్టు బటన్ నొక్కి చూడండి. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి నీళ్లు పోస్తే హమ్ పోతుందని చెప్పేవారు కూడా ఉన్నారు. గుంతను బాగుచేయించడం మంచిదే, భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 చెప్పే ఎర్తింగు పద్ధతులు ప్రధానంగా భద్రత కోసమే. అయితే హమ్‌కు కారణం మీ ఇంటికి భూమికి మధ్య ఉన్న తేడా కాదు. ఇంట్లోనే ఒక పరికరం చట్రానికి, మరొక పరికరం చట్రానికి మధ్య ఉన్న తేడా అది. కనుక గుంతలో ఎన్ని బిందెల నీళ్లు పోసినా స్పీకరులోని గుయ్యిమనే చప్పుడు అలాగే ఉండవచ్చు.

ఆ తేడా సంగీతంలోకి ఎలా చేరుతుందో అర్థమైతే మిగిలినదంతా తేలిక. ఆర్‌సీఏ కేబులులో రెండే దారులు ఉంటాయి: మధ్య తీగ, దాని చుట్టూ ఉన్న షీల్డు. ఈ షీల్డు బయటి రొదను అడ్డుకునే కవచం మాత్రమే కాదు, సిగ్నలు తిరిగి వెళ్లే దారి కూడా అదే. కరెంటుతో నడిచే ప్రతి పరికరం నుంచి, లోపల ఉన్న ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా, కొద్దిపాటి లీకేజీ కరెంటు చట్రంలోకి వస్తూనే ఉంటుంది. రెండు పిన్నుల పరికరాలకు 0.25 మిల్లీఆంపియర్ల వరకు భద్రతా ప్రమాణాలే అనుమతిస్తాయి. ఆ కరెంటు ఒక చట్రం నుంచి మరొక చట్రానికి పోవడానికి ఎంచుకునే దారి మీ కేబుల్ షీల్డే. షీల్డుకు, దాని రెండు చివర్ల కాంటాక్టులకు కలిపి 0.5 ఓమ్ నిరోధం ఉందనుకోండి, అందులో 0.2 మిల్లీఆంపియర్ల లీకేజీ పారుతోందనుకోండి. అప్పుడు 0.1 మిల్లీవోల్టు, అంటే 100 మైక్రోవోల్టుల 50 హెర్ట్జ్ వోల్టేజి సిగ్నలుకు వరసలో వచ్చి చేరుతుంది. ఇంటి పరికరాల ప్రామాణిక స్థాయి 316 మిల్లీవోల్టులతో పోలిస్తే ఇది 70 డెసిబెల్స్ కిందన ఉంది. వినడానికి ఎంతో తక్కువ అనిపిస్తుంది కాని, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌లో ఆలాపన మొదలయ్యే మెత్తని చోట సంగీతమే 40 డెసిబెల్స్ కిందకు దిగితే, దానికీ హమ్‌కూ మధ్య మిగిలేది 30 డెసిబెల్సే. రాత్రివేళ నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది స్పష్టంగా వినబడుతుంది.

ఇక్కడ సముద్రపు గాలి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. లాసన్స్ బే కాలనీలో, బీచికి దగ్గరగా ఉన్న ఒక మిత్రుని ఇంట్లో హమ్ కొన్ని రోజులు ఉండి కొన్ని రోజులు పోతుండేది. ఆయన ఆంప్లిఫయర్‌నే అనుమానించి మార్చేద్దామనుకున్నారు. నేను వెళ్లి ఆర్‌సీఏ ప్లగ్గును వెనక్కి లాగి చూస్తే, బయటి రింగు లోపలి అంచున పచ్చటి చిలుము గీతలా పట్టి ఉంది, వేలితో రాస్తే పొడి రాలింది. మల్టీమీటరు తీగలను ఒకదానికొకటి తాకించి వాటి సొంత నిరోధాన్ని తీసేసి కొలిస్తే, ఆ ఒక్క కాంటాక్టులోనే 3 ఓమ్‌ల దరిదాపు వచ్చింది. పై లెక్కలో 0.5 ఓమ్‌కు బదులు 3 ఓమ్‌లు వేసి చూడండి, హమ్ ఆరు రెట్లు పెరిగి, 70కి బదులు 54 డెసిబెల్స్ కిందన మాత్రమే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కాంటాక్ట్ క్లీనరు వేసి, తరువాత బంగారు పూత ఉన్న కొత్త ప్లగ్గులు వేశాము. ఆంప్లిఫయర్ ఇప్పటికీ ఆయన ఇంట్లోనే ఉంది. విశాఖలో ఆడియో పరికరాలున్న వారందరూ ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా వానాకాలం వెళ్లాక, ప్లగ్గులన్నీ ఒకసారి తీసి తుడిచి పెట్టడం మంచిది.

ఇప్పుడు బ్యాలెన్స్‌డ్ అంటే ఏమిటో చూద్దాం. సిగ్నలును ఒక తీగలో సూటిగా, మరొక తీగలో తలక్రిందులుగా పంపడమే బ్యాలెన్స్‌డ్ అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అది పొరపాటు. ఆ రెండు తీగలకు భూమితో ఉన్న ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నలుకు ఎదురయ్యే నిరోధం) సమానంగా ఉండడమే బ్యాలెన్స్. రెండో తీగలో సిగ్నలు ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే జెన్సన్ ట్రాన్స్‌ఫార్మర్స్‌కు చెందిన బిల్ విట్‌లాక్ 1995లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ (ఏఈఎస్) పత్రికలో ఈ విషయాన్ని లెక్కలతో సహా వివరించారు. రెండు దారుల ఇంపెడెన్స్ సమానమైతే, బయటి నుంచి వచ్చే రొద రెండింటి మీదా ఒకే మోతాదులో పడుతుంది. అందుకునే చివరన ఉన్న డిఫరెన్షియల్ ఇన్‌పుట్ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక రెండింటిలోనూ ఒకేలా ఉన్న రొద కొట్టుకుపోతుంది. మన ఇళ్లకు వచ్చిన పాత ల్యాండ్‌లైన్ తీగలను గుర్తు చేసుకోండి. వాటికి షీల్డన్నదే ఉండేది కాదు, కరెంటు స్తంభాల పక్కనే కిలోమీటర్ల కొద్దీ సాగేవి, అయినా అవతలి మాట స్పష్టంగా వినబడేది. అందుకు కారణం ఒకదానితో ఒకటి మెలివేసిన ఆ రెండు తీగల సమతూకమే.

దీని నుంచి మీకు పనికివచ్చే సంగతి ఒకటి తేలుతోంది. రొదను కొట్టేసే పని ఇన్‌పుట్‌ది. మీ మానిటర్లలో ఆ ఇన్‌పుట్ ఉంది. డాక్ ఔట్‌పుట్ అన్‌బ్యాలెన్స్‌డ్, అంటే షీల్డే తిరుగుదారైన ఆర్‌సీఏ రకం, అయినంత మాత్రాన ఆ శక్తి వృథా కానక్కరలేదు. వృథా చేస్తున్నది మధ్యలో ఉన్న మీ రెడీమేడ్ కేబులే.

ఆ కేబుల్ ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గు వెనక మూతను తిప్పి తీసి చూడండి. సాధారణంగా లోపల ఒకే ఒక్క తీగ, దాని చుట్టూ పురిపెట్టిన సన్నని రాగి షీల్డు కనబడతాయి. తీగ 2వ పిన్నుకు, షీల్డు 1వ పిన్నుకు అతికించి, 1వ పిన్ను నుంచి 3వ పిన్నుకు చిన్న రాగి ముక్కనో టంకపు బొట్టునో వంతెనలా వేసి ఉంటారు. అంటే షీల్డులో పుట్టిన ఆ 100 మైక్రోవోల్టుల హమ్‌ను నేరుగా సిగ్నలులో కలిపి మానిటరుకు అందిస్తున్నారు. ఇన్‌పుట్‌కు అది హమ్ అని తెలిసే మార్గం లేదు. ఈ సంగతిని మూత తీయకుండా మల్టీమీటరు బీప్‌తో తేల్చుకోలేరు. సరిగ్గా కట్టిన కేబులులో కూడా 1, 3 పిన్నులు ఆర్‌సీఏ చివరన కలుస్తాయి కనుక రెండు రకాల కేబుళ్లలోనూ బీప్ వస్తుంది. ఎక్కడ కలిశాయన్నదే తేడా, దాన్ని కంటితో చూడవలసిందే.

సరైన కేబుల్ ఇలా ఉండాలి. రెండు తీగలు, వాటి చుట్టూ షీల్డు ఉన్న మామూలు మైకు కేబుల్ తీసుకోండి. డాబాగార్డెన్స్, జగదాంబ సెంటరు వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దీన్ని మీటర్ల లెక్కన అడిగి తీసుకోవచ్చు. అల్యూమినియం రేకు మాత్రమే ఉన్నదానికంటే దట్టంగా అల్లిన రాగి షీల్డు ఉన్నది ఎంచుకోండి, దాని నిరోధం తక్కువ. ఎర్రతీగను ఆర్‌సీఏ మధ్య పిన్ను నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ 2వ పిన్నుకు, నల్లతీగను ఆర్‌సీఏ బయటి రింగు నుంచి 3వ పిన్నుకు, షీల్డును కూడా అదే బయటి రింగు నుంచి 1వ పిన్నుకు అతకండి. 3వ పిన్ను తన సొంత తీగ మీద డాక్ దగ్గరి వరకు వెళ్లి, అక్కడ మాత్రమే షీల్డును కలుస్తుంది. లీకేజీ కరెంటు షీల్డులోనే పారుతుంది, అక్కడ 100 మైక్రోవోల్టులు ఇప్పటికీ పుడతాయి. కాని ఆ వోల్టేజి ఇప్పుడు 2వ పిన్ను మీద, 3వ పిన్ను మీద సమానంగా కనబడుతుంది కనుక ఇన్‌పుట్ దాన్ని కొట్టేస్తుంది. 2వ పిన్ను పాజిటివ్ అన్నది 1992 నాటి ఏఈఎస్14 ప్రమాణం. చాలా పాత పరికరాల్లో కొన్నింటికి 3వ పిన్ను పాజిటివ్‌గా ఉండేది, మీవి కొత్తవి కనుక ఆ చిక్కు లేదు.

టంకం పనిలో నేను చూసే తప్పు ఒకటే. షీల్డు పోగులను ఒలిచి పురిపెట్టేటప్పుడు ఒకటి రెండు వెంట్రుకల్లాంటి పోగులు బయట మిగిలిపోయి, మూత బిగించాక పక్క పిన్నును తాకుతాయి. కేబులును కదిపినప్పుడల్లా చిటపటమనడానికి ఎక్కువసార్లు కారణం అదే. పురిపెట్టగానే టంకం పూసి, దాని మీద వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, ఆ తరువాతే పిన్నుకు అతకండి. ప్లగ్గు మూతను, హీట్ ష్రింకును ముందే కేబులుకు ఎక్కించడం మరువకండి. అంతా అయ్యాక 2వ పిన్నుకు 1వ పిన్నుకు మధ్య బీప్ రాకూడదు.

ఇన్‌పుట్ హమ్‌ను ఎంతవరకు కొట్టేయగలదన్నది ఇంపెడెన్సుల సమతూకం మీద ఆధారపడుతుంది. మీ డాక్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 200 ఓమ్‌లనుకుందాం. అప్పుడు 2వ పిన్ను దారిలో 200 ఓమ్‌లు ఉంటాయి, 3వ పిన్ను దారిలో దాదాపు సున్నా. మానిటరు ఒక్కొక్క దారికి 20 కిలోఓమ్‌లు చూపిస్తుంటే ఈ తేడా నూటికి ఒకటి, అంటే హమ్ సుమారు 40 డెసిబెల్స్ తగ్గుతుంది. పై లెక్కలోని 100 మైక్రోవోల్టులు 1 మైక్రోవోల్టు అవుతాయి. చాలా ఇళ్లకు ఇదే సరిపోతుంది. ఇంకా కావాలనుకుంటే, డాక్ మాన్యువల్‌లో రాసిన ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎంతో చూసి, అంతే విలువున్న ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టరును ఆర్‌సీఏ ప్లగ్గు లోపలే నల్లతీగకు వరసలో పెట్టండి. షీల్డుకు పెట్టకూడదు, నల్లతీగకే. దానితో రెండు దారులూ సమానమై, రూపాయో రెండు రూపాయలో చేసే రెసిస్టరుతో మీ అన్‌బ్యాలెన్స్‌డ్ డాక్ ఇన్‌పుట్ దృష్టిలో బ్యాలెన్స్‌డ్ పరికరం అయిపోతుంది. ఖరీదైన డాకుల్లో కూడా కొన్నింటి ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్ లోపల ఇంతకు మించి ఏమీ ఉండదు. 3వ పిన్నును ఒక రెసిస్టరు ద్వారా గ్రౌండుకు కలిపి ఉంచుతారు, దాన్నే ఇంపెడెన్స్ బ్యాలెన్స్‌డ్ అంటారు, అందులో మోసమేమీ లేదు.

షీల్డును ఒక చివర వదిలేయాలని కూడా చాలామంది చెబుతారు. డాక్‌కు, లాప్‌టాప్ ఛార్జరుకు ఎర్త్ లేకపోతే ఆ పని చేయకండి. షీల్డు తెగితే వాటి లీకేజీకి మరో దారి ఉండదు, చట్రం వోల్టేజి పైకి తేలిపోయి ఇన్‌పుట్ భరించగలిగిన హద్దును దాటుతుంది, హమ్ తగ్గకపోగా పెరుగుతుంది. రెండు వైపులా ఎర్త్ ఉన్న పరికరాలైతే, పై కేబుల్ వేశాక కూడా హమ్ మిగిలితేనే, ఆర్‌సీఏ వైపు షీల్డును విడదీసి చూడవచ్చు, అక్కడ సిగ్నలు తిరుగుదారిని నల్లతీగ చూసుకుంటుంది. కొన్ని పరికరాల్లో 1వ పిన్నును చట్రానికి కాకుండా లోపలి సర్క్యూట్ గ్రౌండుకు కలిపి ఉంచుతారు, అప్పుడు షీల్డులోని కరెంటు లోపలి సర్క్యూట్లోకే వెళుతుంది. దీన్ని 1995లో ఆడియో ఇంజినీరు నీల్ మన్సీ ఎత్తిచూపారు, షీల్డును ప్లగ్గు దగ్గరే చట్రానికి కలపాలని ఏఈఎస్48 ప్రమాణం 2005లో వచ్చింది. మంచి కేబుల్ వేసినా లొంగని హమ్ వెనక ఎక్కువగా ఉండేది ఈ లోపమే.

టంకం పెట్టెను తీయడానికి ముందు ఒక అరగంట పరీక్షకు కేటాయించండి. మానిటర్లకు ఏ కేబులూ లేకుండా ఆన్ చేసి వినండి. అప్పుడూ హమ్ ఉంటే అది మానిటరుదే, కేబులుతో పోదు. నిశ్శబ్దంగా ఉంటే కేబులును, డాక్‌ను, లాప్‌టాప్‌ను ఒక్కొక్కటిగా కలుపుతూ రండి. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూసినప్పుడు హమ్, కీచు రెండూ పోతే దారి ఛార్జరు నుంచే వస్తోందన్నమాట. ఛార్జరుకు మూడు పిన్నులుంటే అది మానిటర్ల ఎర్త్‌తో కలిసి పెద్ద వలయం కట్టింది, రెండు పిన్నులే ఉంటే దాని లీకేజీ మీ షీల్డులోంచి పోతోంది. మొదటి సందర్భంలో లాప్‌టాప్ ఛార్జరును, మానిటర్లను ఒకే గోడ సాకెట్టు నుంచి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితేనే గణనీయమైన మార్పు రావచ్చు, ఎందుకంటే హాలులో రెండు మూలలున్న సాకెట్ల ఎర్త్‌ల మధ్య ఉండే తేడా ఒకే బోర్డు మీద దాదాపు ఉండదు. కీచు మాత్రం మిగిలితే రెండు వైపుల గ్రౌండును విడదీసే యూఎస్‌బీ ఐసొలేటరు పెట్టవచ్చు, లేదా డాక్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉండి మీ దగ్గర ఆప్టికల్ ఔట్‌పుట్ ఉన్న పరికరమేదైనా ఉంటే దానినుంచి పాటలు వినవచ్చు. ప్లాస్టిక్ తీగలో వెళ్లేది వెలుగు మాత్రమే కనుక అందులో ఏ గ్రౌండూ ప్రయాణించదు.

టీవీ కూడా ఈ డాక్‌కో మానిటర్లకో కలిసి ఉంటే కేబుల్ టీవీ తీగను సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి విప్పి చూడండి. వీధిలో స్తంభం మీది నుంచి వచ్చే ఆ తీగ షీల్డు మీ ఇంటి ఎర్త్‌తో ఏ సంబంధం లేని మరొక చోట భూమిని తాకి ఉంటుంది. దాన్ని విప్పగానే హమ్ చటుక్కున ఆగిపోయిన ఇళ్లు మన ఊళ్లో నాకు లెక్కలేనన్ని తగిలాయి. అప్పుడు ఆ తీగకు లోహపు సంబంధాన్ని తెంచే గాల్వనిక్ ఐసొలేటరు ఒకటి వేస్తే సరిపోతుంది, ఆడియో వైపు ఏదీ మార్చనక్కరలేదు.

ఇక పడకగది సంగతి. ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్లున్న ఆ డాక్‌కు ఆర్‌సీఏ ఔట్‌పుట్లు కూడా ఉంటే వాటినే వాడండి. ఈ దిశలో అందుకునేది అన్‌బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ కనుక హమ్‌ను కొట్టేసే శక్తి ఎక్కడా లేదు, ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి వచ్చినంత మాత్రాన ఏమీ కలిసిరాదు. ఆర్‌సీఏ లేకపోతే ముందు ఆ ఔట్‌పుట్ ఏ రకమో తెలుసుకోవాలి, ఎందుకంటే 3వ పిన్నును ఏం చేయాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంటి డాకుల్లో ఎక్కువ భాగం రెండు ఆంప్లిఫయర్లతో, 2వ, 3వ పిన్నులను విడివిడిగా నడిపే రకం. వీటిలో 3వ పిన్నును గ్రౌండుకు కలిపితే ఒక ఆంప్లిఫయర్‌ను షార్ట్ చేసినట్టవుతుంది. అది వేడెక్కుతుంది, ఆ కరెంటు గ్రౌండులో పారి మరో వైపు కూడా వక్రీకరణ తెస్తుంది. కనుక 2వ పిన్నును ఆర్‌సీఏ మధ్యకు, 1వ పిన్నును బయటి రింగుకు కలిపి, 3వ పిన్నును ఖాళీగా వదలండి. ట్రాన్స్‌ఫార్మర్ ఔట్‌పుట్ అయితే దీనికి పూర్తిగా భిన్నం. 3వ పిన్నును తప్పనిసరిగా 1వ పిన్నుకు కలపాలి, లేకపోతే శబ్దం పలచబడి బేస్ మాయమవుతుంది. సర్వో బ్యాలెన్స్‌డ్, లేదా క్రాస్ కపుల్డ్ అని రాసి ఉంటే 3వ పిన్నును 1వ పిన్నుకు డాక్ వైపు చివరనే కలపాలి, ఆంప్లిఫయర్ వైపు కాదు, లేకపోతే ఆ సర్క్యూట్ స్థిరత్వం కోల్పోవచ్చు. మాన్యువల్ మౌనంగా ఉంటే తయారీదారుకే రాసి అడగండి, ఊహించి కలపవద్దు. ఈ కేబులుకు కూడా రెండు తీగల మైకు కేబులునే వాడి, మిగిలిన నల్లతీగను షీల్డుతో పాటు రెండు చివర్లా గ్రౌండుకే కలపండి, తిరుగుదారి నిరోధం తగ్గి హమ్ ఆ మేరకు తగ్గుతుంది. పొడవు ఒక మీటరో రెండో దాటనివ్వకండి.

స్థాయిల గురించి రెండు ముక్కలు. స్టూడియో ప్రమాణమైన +4 డీబీయూ అంటే 1.23 వోల్టులు, ఇంటి పరికరాల −10 డీబీవీ అంటే 0.316 వోల్టు. రెండింటికీ దాదాపు 12 డెసిబెల్స్ తేడా. మీ మానిటర్ల వెనక ఈ రెంటి మధ్య మార్చే స్విచ్ ఉంటే, ఆర్‌సీఏ ఉన్న డాకులు చాలావరకు గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తాయి కనుక, ముందు +4 దగ్గరే ఉంచి వినండి. దాని సున్నితత్వం తక్కువ కావడంతో మిగిలిన రొద కూడా ఆ మేరకు తగ్గుతుంది. చాలా డాకుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్ 4 వోల్టులు, కాని 3వ పిన్నును వదిలేస్తే అందేది సగం, 2 వోల్టులే, పాత ఆంప్లిఫయర్ దాన్ని మామూలు సీడీ ప్లేయరులానే తీసుకుంటుంది.

ఇంత చేసినా లొంగకపోతే మిగిలేది ట్రాన్స్‌ఫార్మర్. రెండు చట్రాల మధ్య లోహపు సంబంధం తెంచి, సిగ్నలును అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తుంది కనుక మొండి హమ్‌కు అదే అసలైన మందు. కాని కారుల కోసం అమ్మే చవక గ్రౌండ్ లూప్ ఐసొలేటర్లు కొనకండి. వాటిలోని చిన్న అయస్కాంత కోరు బేస్ స్వరాల దగ్గర తన హద్దుకు చేరి మృదంగం ఎడమ పక్క నాదం పిండేసినట్టు వస్తుంది. మంచివి ఖరీదైనవి, అందుకే దీన్ని చివరి మెట్టుగా చెబుతున్నాను.

బ్యాలెన్స్‌డ్ వల్ల ఇంట్లో లాభముందా అన్నారు. ఒక మీటరు కేబులుతో, ఒకే బోర్డు మీద ఉన్న రెండు పరికరాల మధ్య హమ్ లేనప్పుడు, ధ్వనిలో తేడా ఉండడానికి కారణమేదీ నాకు కనబడదు. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చగానే బాగుందనిపించేది చాలావరకు ఆ 2 వోల్టులు 4 వోల్టులై 6 డెసిబెల్స్ పెరగడం వల్ల. వాల్యూము సరిచేసి పోల్చినప్పుడు ఆ మెరుపు మిగలదు. మీ హాలులాగ ఆరు మీటర్ల దూరం, రెండు వేర్వేరు సాకెట్లు, మధ్యలో లాప్‌టాప్ ఉన్నచోట మాత్రం బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ తన విలువ నిలబెట్టుకుంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. హెడ్‌ఫోను కోసం ఉన్న 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ నుంచి ఆర్‌సీఏకు వెళ్లే కేబుళ్లు కొన్ని ఎడమ, కుడి నెగటివ్ తీగలను ఒకచోట కలిపేస్తాయి. ఆ రెండింటినీ లోపల ఆంప్లిఫయర్లు నడుపుతుంటాయి కనుక అలా కలిపితే పరికరం పాడవవచ్చు. అలాగే ఎప్పుడైనా మిక్సరు మైకు ఇన్‌పుట్‌కు మీ డాక్‌ను కలపవలసి వస్తే మైకుల కోసం అదే కేబులులో పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవరు ఆపి ఉందో లేదో ముందు చూసుకోండి. కొత్త కేబులు పూర్తయ్యాక ఆర్‌సీఏ చివరన చిన్న టేపు చుట్టి, లోపల రెసిస్టరు పెట్టి ఉంటే దాని విలువను, అది ఏ డాక్ కోసం కట్టిందో దాని మీద రాసి పెట్టండి. రేపు డాక్ మారిస్తే ఆ విలువ కూడా మార్చాలి. ముందుగా ఒక చానలుకే కేబుల్ కట్టి, రెండో మానిటరుకు రెడీమేడ్ కేబులునే ఉంచి, పాట ఆపి రెండింటినీ పక్కపక్కన వినండి. ఎడమకు కుడికి మధ్య వినబడిన తేడాను, లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకసారి, ఛార్జరు మీద ఉన్నప్పుడు ఒకసారి గమనించి ఇక్కడే రాయండి. దాన్ని బట్టి మిగిలిన రెండో కేబులుకు రెసిస్టరు అవసరమో లేదో చెబుతాను.